బుధవారం మూడింటికి బిజీ

చండ్రుగొండ మెయిన్ రోడ్డు మీద ఎరువుల దుకాణానికి పై అంతస్తులో సోలార్ మోటార్ల కంపెనీ బ్రాంచి ఆఫీసు ఉంది. కరెంటు తీగలు వెళ్లని అడవి అంచు పొలాల్లో బోర్లకు సోలార్ మోటార్లు బిగించడం, చెడిపోతే వెళ్లి బాగుచేయడం వాళ్ల పని. ఏ మెకానిక్ ఏ రోజు ఏ ఊరికి పోవాలి, జీపు ఎవరికి, సామాను ఎవరికి, ఎవరు సెలవులో ఉన్నారు, అన్నీ ఒకే క్యాలెండర్‌లో ఉండేవి. అది అందరి ఫోన్లలోనూ కనిపించేది. ఆఫీసు గోడకు బిగించిన పెద్ద టీవీలో కూడా పొద్దస్తమానం అదే. ఆ క్యాలెండర్‌ను నడిపేది షాలేమ్‌రాజు.

ఆ పని అతనికి సరిగ్గా సరిపోయింది. ఎందుకంటే అతనికి నత్తి. మాట గొంతు దాకా హాయిగా వచ్చి, పెదాల దగ్గర బిగుసుకుపోయేది. "రేపు" రాకపోతే "పొద్దున" అని, "మంగళవారం" రాకపోతే "సోమవారం తర్వాత" అని పక్కదారి పట్టడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు. తన పేరుకు మాత్రం పక్కదారి లేదు. ఎవరైనా పేరడిగితే కళ్లు మూసుకుపోయేవి, మెడ నరం ఉబ్బేది, ఎదుటివాళ్లు ఇబ్బందిగా చూపు తిప్పుకునేవాళ్లు. క్యాలెండర్‌లో ఆ బాధ లేదు. గడిలో నాలుగు మాటలు కొడితే మెకానిక్ జీపెక్కి వెళ్లిపోతాడు. ఆఫీసు గ్రూపులో షాలేమ్ మెసేజులు చదివితే ఎంత మాటకారో అనిపించేది. ఎదురుగా కూర్చుంటే తల ఊపడమే.

ఆఫీసులో ఉండేది కొద్దిమందే. బ్రాంచి మేనేజరు రాజ్యశ్రీ, సత్తుపల్లి వైపు ఆమె. లెక్కలూ ఫోన్లూ చూసే హేమ్లి, మెకానిక్ తుల్సీరాం, ఇద్దరివీ దగ్గరి తండాలే. పెద్ద మెకానిక్ ఆదినారాయణ. తుల్సీరాం ఎక్కడుంటే అక్కడ నవ్వులే. ఒకసారి ఆదినారాయణ ఖమ్మంలో డాక్టర్ను కలవాల్సి ఉంటే, ఏమీ ఆలోచించకుండా "మొలల డాక్టరు" అని క్యాలెండర్‌లో కొట్టేశాడు. మర్నాడు పొద్దున టీవీలో పెద్ద అక్షరాల్లో అదే. తుల్సీరాం ఒక మెత్తటి దిండు తెచ్చి ఆదినారాయణ కుర్చీలో వేసి, "కూసో అన్నా, మెల్లగ" అన్నాడు. ఆఫీసంతా పగలబడి నవ్వింది. షాలేమ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే, తన గురించిన ముచ్చట ఏదీ ఆ టీవీ మీదికి ఎక్కకూడదని మనసులో గట్టిగా అనుకున్నాడు.

క్రిస్మస్ అయ్యాక అతనికి స్తుతితో పెళ్లి ప్రధానం జరిగింది. స్తుతి కొత్తగూడెం పిల్ల. వాళ్ల నాన్న బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు, ఆమె ఒక ప్రైవేటు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. షాలేమ్‌కు నత్తి అని ఆమెకు మొదటి రోజే తెలుసు. "నేను మాట్లాడుత, నువ్వు విను. నాకు గదే కావాలె" అంది నవ్వుతూ. పెళ్లి మే నెలలో, జూలూరుపాడు చర్చిలో అని పెద్దలు అనుకున్నారు. అందరూ ఫోటోలు దిగుతుంటే షాలేమ్‌కు ఒక్కటే గుర్తుకొచ్చింది. అక్క పెళ్లిలో పాస్టర్ అయ్యగారు బావ మూతి దగ్గర మైకు పెట్టి ప్రమాణం చెప్పించారు. పేరుతో సహా. చర్చి మొత్తం వినేలా.

జనవరిలో ఒక శనివారం ఎవరికీ చెప్పకుండా ఖమ్మం వెళ్లి, స్పీచ్ థెరపిస్ట్ మధులతను కలిశాడు. ఆమె అతని పేరు అడగలేదు. ముందే రిసెప్షన్‌లో రాసిచ్చిన కాగితం చూసి, "కూర్చోండి షాలేమ్‌రాజు గారూ" అంది. ఆ ఒక్క పనికే ఆమె మీద నమ్మకం కుదిరింది.

"పెళ్లినాటికి పోతుందా మేడం?" అని ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు.

"పోగొడతానని అబద్ధం చెప్పను" అంది మధులత. "అది ఉండగానే మీరు అనుకున్న మాట అనుకున్నట్టు చెప్పడం నేర్పిస్తాను. ఇప్పుడు మీరు మాటతో కుస్తీ పడుతున్నారు. పట్టేసినప్పుడు తోయకుండా ఆగడం, పెదాలు వదులు చేసి మెల్లగా మళ్లీ మొదలుపెట్టడం, ముందు అది చేద్దాం. పక్కదారులు మాత్రం బంద్."

వారానికి ఒకసారి, బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఆన్‌లైన్‌లో క్లాసు. ఆ టైముకు షాలేమ్ ఆఫీసులో ఉంటాడు. తలుపున్న గది సామాన్ల స్టోర్ ఒక్కటే. లంచ్ మానుకుని ఆ గంట వాడుకుంటానని రాజ్యశ్రీని మెసేజ్‌లో అడిగాడు. ఎందుకని ఆమె అడగలేదు, సరే అంది. క్యాలెండర్‌లో బుధవారం మూడు గంటల గడిలో తన పని రాసుకుని దానికి తాళం గుర్తు పెట్టాడు. అలా పెడితే మిగతావాళ్లకు "బిజీ" అని మాత్రమే కనిపిస్తుంది.

ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. స్తుతికీ చెప్పలేదు. దానికి కారణం అతని మేనమామ పగిడయ్య. మామ చెడ్డవాడేం కాదు, చిన్నప్పుడు నత్తి బాగవుతుందని అతన్ని భుజాన వేసుకుని ఎక్కడెక్కడికో తిప్పాడు. ఒకచోట నాలుక కింద గులకరాయి పెట్టుకోమన్నారు, ఇంకోచోట పసరు పోశారు, మరోచోట ప్రార్థన చేశారు. తిరిగొచ్చిన ప్రతిసారీ పగిడయ్య చుట్టుపక్కల వాళ్లనందరినీ పిలిచి, పిల్లాణ్ని వాకిట్లో నిలబెట్టి, "ఏదీ రా, నీ పేరు చెప్పు, బాగైందో లేదో చూద్దాం" అనేవాడు. అందరూ అతని నోటివైపే చూసేవాళ్లు. పేరు వచ్చేది కాదు. "ప్చ్" అనుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. నత్తి ఉందని నలుగురికీ తెలియడం షాలేమ్‌కు పెద్ద కష్టం కాదు. దాన్ని సరిచేసుకుంటున్నాడని తెలిస్తేనే కష్టం. అప్పుడు తను నోరు తెరిచిన ప్రతిసారీ మనుషులు మాట వినరు, మార్కులు వేస్తారు.

స్టోర్‌లో బ్యాటరీ పెట్టెల మీద కూర్చుని క్లాసు మొదలుపెట్టాడు. మొదటి వారాల్లో చెమటలు పట్టేవి. మధులత కావాలనే అతని చేత నత్తిగా మాట్లాడించేది. "దాన్ని చూసి పారిపోకండి. మీరే పిలవండి, రానివ్వండి, వెళ్లనివ్వండి" అనేది. "ష్... ష్... షాలేమ్" అని అతను పేరును పదేపదే పలికేవాడు. మధ్యలో పక్క గదిలో ప్రింటర్ టకటకా మొదలయ్యేది. పలచటి ప్లైవుడ్ గోడ, అవతల హేమ్లి టేబులు. ప్రతి బుధవారం సరిగ్గా ఆ టైముకే ప్రింటర్ మోత. విసుగొచ్చి ఒకసారి గ్రూపులో, "ఆ ప్రింటర్‌కు మధ్యాహ్నం నిద్ర అలవాటు చేయండి" అని పెట్టాడు. హేమ్లి నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది. ప్రింటర్ మాత్రం ఆగలేదు.

బుధవారం మూడు కాగానే తుల్సీరాం టీవీ వైపు చూసి మొదలుపెట్టేవాడు. "తమ్మీ బిజీ అట! ఏంది పని? మా మరదలుతోని ముచ్చట్లే కదా? పో పో, జల్దీ పో, ఫోన్ పట్టుకొని ఎదురుచూస్తుంటది."

షాలేమ్ సిగ్గుపడినట్టు నవ్వి స్టోర్‌లోకి పోయేవాడు. అబద్ధం అతను చెప్పలేదు, వాళ్లే అనుకున్నారు. ఆ అనుకోవడం అతనికి చాలా కలిసొచ్చింది.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పెళ్లిబట్టల కోసం సెలవు పెట్టి ఖమ్మం వెళ్లాడు. అక్క వాళ్లను దుకాణంలో కూర్చోబెట్టి, చిన్న పని ఉందని మధులత దగ్గరికి పోయొచ్చాడు. పెళ్లి దగ్గరపడింది కాబట్టి శుక్రవారాలు కూడా క్లాసు పెట్టుకుందాం అందామె. మెట్లు దిగుతూ దిగుతూ ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి శుక్రవారం గడిలో కొట్టేశాడు. "మధులత మేడం, నత్తి క్లాసు, పెళ్లి ప్రమాణం ప్రాక్టీసు."

తిరుగుబస్సులో, ఏన్కూరు దాటాక, రేపటి పనులు చూద్దామని క్యాలెండర్ తెరిచాడు. శుక్రవారం గడి పక్కన తాళం గుర్తు లేదు.

పక్కన అక్క జాకెట్టు గుడ్డ గురించి ఏదో అంటోంది, వినపడలేదు. గడిని మార్చబోయాడు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోయింది. సిగ్నల్ లేదు. కిటికీ బయట అడవి. ఆఫీసులో టీవీ, టీవీలో ఆ అక్షరాలు, టీవీ ముందు తుల్సీరాం. దిండు గుర్తుకొచ్చింది. ఈసారి ఏం తెస్తాడు? మైకు తెస్తాడా? "ఏదీ తమ్మీ, ప్రమాణం చెప్పు, మేం విందాం" అంటాడా? ఫోన్‌ను కిటికీకి ఆనించి పట్టుకున్నాడు, ఎత్తి పట్టుకున్నాడు. జూలూరుపాడు పొలిమేరకు వచ్చాక సిగ్నల్ వచ్చింది.

క్యాలెండర్ తెరిచాడు. శుక్రవారం గడికి తాళం ఉంది.

తను పెట్టలేదు. ఇంకెవరో పెట్టారు. తను సెలవులో ఉన్న రోజు పని ఆగకూడదని అతను తన పాస్‌వర్డ్ ఇచ్చింది ఒక్క హేమ్లికే. అంటే హేమ్లి చూసింది. ఆమెతో పాటు ఇంకెంతమంది చూశారో!

మర్నాడు ఆఫీసు మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాడు. లోపల టీవీ నల్లగా ఉంది.

"ఖరాబైంది తమ్మీ, ప్లగ్గు కాలినట్టుంది. సాయంత్రం నేనే జేస్త" అన్నాడు తుల్సీరాం, స్క్రూడ్రైవర్ జేబులో దోపుకుంటూ. హేమ్లి ఫోన్‌లో ఎవరో రైతుతో మాట్లాడుతోంది, తలెత్తి ఎప్పటిలాగే నవ్వింది. రాజ్యశ్రీ ఎప్పటిలాగే జీపు డీజిల్ గురించి అడిగింది. మూడు కాగానే తుల్సీరాం, "పో తమ్మీ, మా మరదలు అలుగుతది" అన్నాడు. అదే ముచ్చట, అదే నవ్వు. షాలేమ్ అందరి మొహాలూ వెతికాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. ఆ వారమంతా అలాగే గడిచింది. బతికిపోయాననుకున్నాడు, కానీ నమ్మకం చిక్కలేదు.

తర్వాతి బుధవారం హేమ్లి చెల్లెలి పెళ్లిచూపులని సెలవు పెట్టింది. షాలేమ్ మూడింటికి స్టోర్ తలుపు వేసుకున్నాడో లేదో ఎవరో దబదబా కొట్టారు. ఆదినారాయణ, ఫ్యూజులు కావాలట. ఇచ్చి పంపాడు. ఆఫీసు ఫోన్ మోగింది. ఎత్తేవాళ్లు లేక మోగుతూనే ఉంది. ఎవరో రైతు నేరుగా మెట్లెక్కి వచ్చి, "ఎవరున్నరయా లోపల?" అని స్టోర్ తలుపు తోశాడు. కొత్తగా వచ్చిన పైపులు ఎక్కడ దింపాలని డ్రైవరు కేక. మధులత అటునుంచి, "ఈరోజు మీ ఆఫీసులో జాతరలా ఉందే! ఎప్పుడూ ఇంత ప్రశాంతంగా ఉండేది" అంది.

అప్పుడు వెలిగింది షాలేమ్‌కు. ఇన్ని నెలలుగా బుధవారం మూడింటికి ఆ తలుపును ఒక్కరూ తట్టలేదు. ఒక్క ఫోనూ అతని దాకా రాలేదు. అది దానంతటదే జరగలేదు. ఎవరో జరిపించారు. మోత ఉన్నది ఒక్క ప్రింటర్‌ది. అదీ ఈరోజు లేదు. ఈరోజు తన గొంతు ప్లైవుడ్ గోడకు తగిలి ఎంత స్పష్టంగా బయటికి పోతోందో మొదటిసారి గమనించాడు.

గురువారం మధ్యాహ్నం అందరూ ఫీల్డుకు వెళ్లాక హేమ్లి టేబుల్ దగ్గరికి వెళ్లాడు. మామూలుగా అయితే పక్క గదిలో కూర్చుని మెసేజ్ పెట్టేవాడు. ఈసారి ఫోన్ జేబులోనే ఉంచుకున్నాడు.

"హే... హేమ్లి అక్కా" అన్నాడు. "నీకు ఎ... ఎ..." పట్టేసింది. తోయలేదు, ఆగాడు. హేమ్లి అందించలేదు, చూపు తిప్పుకోలేదు. చేతిలో పెన్ను కిందపెట్టి అతనివైపు చూస్తూ కూర్చుంది. "ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి నెల నుంచే తమ్మీ" అంది హేమ్లి. "నా తలకాయ వెనకాలే గదా గోడ. నువ్వు నీ పేరు చెప్పుకుంటుంటే వినొచ్చింది. ముందు ఏందో అనుకున్న. తర్వాత సమజైంది. నాకు వినొస్తే అందరికి వినొస్తది గదా? అందుకే వారం పొడుగు ప్రింట్లన్నీ ఆపి, బుధవారం మూడింటికి పెట్టుకునుడు మొదలువెట్టిన."

షాలేమ్ ప్రింటర్ వైపు తిరిగాడు.

"ప్రింటర్... నేను తి... తిట్టిన గదా."

"తిట్టినవ్! నిద్ర అలవాటు చెయ్యమన్నవ్! మస్తు నవ్వొచ్చింది" అని ఇప్పుడు కూడా నవ్వేసింది. "సామాను కావాలంటే మూడింటి ముందే తీసుకోండని మెకానిక్‌లకు చెప్పిన. స్టాకు లెక్క చూసుకుంటున్న అని అబద్ధమాడిన. ఫోన్లు నాలుగింటికి చెయ్యమని రైతులకు చెప్పిన. గంతే."

"మరి ఆ... ఆ శుక్రవారం గడి?"

"దానికి తాళం వేసింది నేనే. చూసింది మాత్రం తుల్సీరాం. మధ్యాహ్నం టీవీల కనవడ్డదట. టక్కున ప్లగ్గు పీకిండు. టీవీ ముందర నిలబడి, మా భాషల నన్ను పిలిచిండు. జల్దీ రా, పిలగాని ముచ్చట బయట పడుతున్నది, ఫోన్లల్ల గూడ కనవడుతదేమో చూడు అన్నడు. ఆదినారాయణ అన్నకు గాని, రాజ్యశ్రీ మేడంకు గాని ఏం తెల్వది. అప్పటికి ఇంకా ఎవ్వరూ ఫోన్ తెరవలే."

"తు... తుల్సీరాం అన్ననా?" షాలేమ్‌కు నమ్మబుద్ధి కాలేదు. "మరి మొన్న గూడ మరదలు, మరదలు అని..."

"ఆ పరాచికం ఆపితే నీకు అనుమానమొస్తది గదా. నాతోని గదే అన్నడు." హేమ్లి పెన్నుకు మూత పెట్టింది. "దిండు ముచ్చట యాదికుందా? మనమంతా నవ్వినం. గా తర్వాత ఆదినారాయణ అన్న శానా రోజులు ఒక్కడే కూసోని తిన్నడు. అది చూసి తుల్సీరాం మస్తు బాధపడ్డడు. మనిషి నవ్వులాటగాడే గాని, మనసున్నోడు."

షాలేమ్ పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. తను ఒంటరిగా, దొంగచాటుగా చేస్తున్నానని అనుకున్న పనికి ఇన్ని నెలలూ బయట కాపలా ఉంది. కాపలా ఉన్నవాళ్లు ఒక్కసారి కూడా "బాగైందా" అని అడగలేదు, మార్కులు వేయలేదు. అతని కళ్లు చెమ్మగిల్లాయి.

"మీకు... మీకు ఏమని..." అన్నాడు.

"ఏమనకు. టీ చెప్పు, చాలు" అంది హేమ్లి. అతను కింద హోటల్‌కు ఫోన్ చేశాడు. ఫోన్‌లో టీ చెప్పడం అతను ఎప్పుడూ చేయని పని. రెండుచోట్ల పట్టేసింది. అయినా రెండు టీలు వచ్చాయి.

ఆ సాయంత్రం తుల్సీరాం ఫీల్డు నుంచి రాగానే షాలేమ్ ఎదురెళ్లి చేయి పట్టుకున్నాడు. తుల్సీరాం హేమ్లి వైపు చూశాడు, ఆమె తల ఊపింది. అంతే, అతనికి అర్థమైపోయింది. "ఏంది తమ్మీ, చేతులకు గ్రీజు ఉన్నది, అంటుతది" అంటూ చేయి విడిపించుకుని చేతులు కడుక్కోవడానికి పోయాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

సోమవారం మీటింగులో షాలేమ్ చేయెత్తాడు. రాజ్యశ్రీ ఆశ్చర్యంగా చూసింది. మీటింగుల్లో అతను ఎప్పుడూ ఏదైనా ఉంటే తర్వాత మెసేజ్ పెట్టేవాడు.

"మే... మేడం. మన క్యాలెండర్‌లో సొంత పనులు, డా... డాక్టరు, సెలవు, ఏదైనా, బిజీ అని మాత్రమే కనిపించేటట్టు పెడత. ఎవరు ఎప్పుడు దొరుకుతరో తెలిస్తే మనకు చాలు. ఎందుకు, ఎక్కడ అన్నది టీ... టీవీకి అక్కర లేదు."

ఆదినారాయణ తలెత్తి చూశాడు.

"అర్జెంటు అయితే ఎలా?" అంది రాజ్యశ్రీ.

"అర్జెంటయితే ఆ మనిషికే ఫోన్ చేద్దాం."

"బానే ఉంది, పెట్టేయ్" అంది రాజ్యశ్రీ. "ఇది ముందే చేయాల్సింది." ఆ మధ్యాహ్నం ఆదినారాయణ తన టిఫిన్ డబ్బా తెచ్చుకుని షాలేమ్ పక్కన కూర్చుని, అడగకుండానే అతని కంచంలో మామిడికాయ పచ్చడి వేశాడు.

స్తుతికి చెప్పాలో వద్దో షాలేమ్‌కు తేలలేదు. హేమ్లిని అడిగితే, "చెప్పుడు, చెప్పకపోవుడు నీ ఇష్టం. నీ ముచ్చట అది" అంది. ఆ మాటతోనే చెప్పాలనిపించింది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కొత్తగూడెం వెళ్లి, బస్టాండు ఎదుటి జ్యూస్ దుకాణంలో మొత్తం చెప్పాడు. గులకరాయి, పసరు, పగిడయ్య మామ, బ్యాటరీ పెట్టెలు, ప్రింటర్, టీవీ. జీవితంలో అంతసేపు ఒకే మనిషితో అతను ఎప్పుడూ మాట్లాడలేదు. స్తుతి గ్లాసులో ఐసు కరిగిపోయింది.

"నాకెందుకు చెప్పలే?" అంది చివరికి. కోపం లేదు, కొంచెం నొచ్చుకుంది.

"నువ్వు గూడ... చూ... చూస్తవేమో అని. బాగైందా, లేదా అని."

స్తుతి గ్లాసు పక్కకు జరిపింది. "నేను రోజూ రక్తం తీస్త గదా. కొందరికి నరం దొరకదు. తొందరపడి గుచ్చితే వాళ్లకే నొప్పి. నేను వేలు పెట్టి తడుముకుంట ఆగుత. దొరుకుతది. ఎంతసేపైనా దొరుకుతది. నువ్వు చర్చిల గట్లనే ఆగు. నాకేం తొందర లేదు. నేను నీ పక్కకే ఉంట, యాడికి పోత?"

పెళ్లిరోజు జూలూరుపాడు చర్చి కిటకిటలాడింది. మే ఎండ, రేకుల కప్పు, ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టర్ అయ్యగారు ఇద్దరి కుడిచేతులూ కలిపి, మైకు షాలేమ్ మూతి దగ్గర పెట్టారు.

"చెప్పు నాయనా. షాలేమ్‌రాజు అను నేను..."

షాలేమ్ నోరు తెరిచాడు. "ష్..."

పట్టేసింది. గట్టిగానే పట్టేసింది. మెడ నరం ఉబ్బడం తనకే తెలుస్తోంది. మైకులో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందు వరుసలో పగిడయ్య మామ కుర్చీ అంచుకు జరిగి, తన పెదాలే కదుపుతున్నాడు, తను చెబితే పిల్లాడికి వస్తుందన్నట్టు. అయ్యగారు అందించడానికి వంగబోయారు. స్తుతి తల కొంచెం అడ్డంగా ఊపింది. ఆయన ఆగారు.

షాలేమ్ తోయలేదు. ఊపిరి వదిలాడు. పెదాలు వదులు చేశాడు. స్తుతి చెయ్యి అతని చేతిలో చల్లగా, కదలకుండా ఉంది. మైకు అలాగే ఉంది, చర్చి అలాగే ఉంది, ఎవరూ ఎక్కడికీ పోలేదు. మెల్లగా మళ్లీ మొదలుపెట్టాడు.

"షా... లేమ్‌రాజు అను నేను, స్... స్తుతి అను నిన్ను, నా భార్యగా అంగీకరించి..."

ఇంకో మూడునాలుగు చోట్ల పట్టేసింది. ప్రతిచోటా ఆగాడు, ప్రతిచోటా మళ్లీ కదిలాడు. ఒక్క మాట కూడా మార్చలేదు. కష్టంలో, సుఖంలో అన్న దగ్గర స్తుతి చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. చివరి మాట అయ్యాక అయ్యగారు "ఆమేన్" అంటే చర్చి మొత్తం "ఆమేన్" అంది. వెనక వరుసలోంచి ఒక "ఆమేన్" అందరికంటే కాస్త ఆలస్యంగా, చాలా పెద్దగా వినిపించింది. అది తుల్సీరాంది. చర్చికి అతను రావడం అదే మొదటిసారి, ఎప్పుడు అనాలో తెలియలేదు.

బయట షామియానా కింద భోజనాలు మొదలయ్యాయి. పగిడయ్య మామ చెమట తుడుచుకుంటూ వచ్చి షాలేమ్ భుజం పట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఒరేయ్, చెప్పినవ్ రా! మొత్తం చెప్పినవ్! ఏదీ, మళ్లొకసారి నీ పేరు..."

"పెద్దాయనా!" అని తుల్సీరాం ఎక్కడినుంచో ఊడిపడి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "మటన్ అయిపోతున్నది, మళ్ల బొక్కలే దొరుకుతయి. రా రా, నేను పెట్టిస్త." పగిడయ్య ఏదో అనబోతూనే బంతి వైపు నడిచిపోయాడు.

షాలేమ్ నవ్వుతూ నిలబడిపోయాడు. మామ మీద కూడా అతనికి ఆ రోజు కోపం రాలేదు. భుజాన వేసుకుని ఊళ్లు తిప్పింది కూడా ఆయనే.

కాసేపటికి హేమ్లి చీర కొంగు సర్దుకుంటూ వచ్చింది. తుల్సీరాం మామను బంతిలో కూర్చోబెట్టి ఆమె వెంటే వచ్చాడు. షాలేమ్ స్తుతి చెయ్యి పట్టుకుని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఏమని చెప్పాలో రాత్రంతా అనుకుని ఉన్నాడు, పెద్దపెద్ద మాటలే అనుకున్నాడు. తీరా ఎదురుగా నిలబడ్డాక అవన్నీ ఎటో పోయాయి.

"స్తుతీ" అన్నాడు. "ఈమె హే... హే..." ఆగాడు. పక్కన బాజా మోగుతోంది, పిల్లలు అడ్డంగా పరిగెడుతున్నారు, ఫోటో అతను ఇటు చూడమంటున్నాడు. ముగ్గురూ అతని వైపు చూస్తూ నిలబడ్డారు, తీరిగ్గా. "హేమ్లి అక్క. ఈయన తు... తుల్సీరాం అన్న."

"తెలుసు" అంది స్తుతి, ఇద్దరికీ చేతులు జోడిస్తూ. "నాకు మొత్తం చెప్పిండు."

"మొత్తమా?" అన్నాడు తుల్సీరాం. "ఇంకేం, మరదలా, ఇగ నుంచి నీకు తీరికే ఉండదు. వీడు మాట్లాడుడు షురూ జేసిండు."